ఆటలో పెద్ద ఎవరు?

అష్టాచెమ్మా ఆడే ఇంట్లో తగువు రాకుండా ఉంటుందా? నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. అంతవరకూ పేచీ లేదు. ఒక గవ్వ గోడకి ఆనుకుని ఓరగా నిలబడిందనుకోండి, దాన్నెలా లెక్కపెట్టాలి? ఊరికో పద్ధతి, ఇంటికో పద్ధతి. "మళ్ళీ వెయ్యవే" అని మామ్మగారంటే అదే శాసనం.

ఇలాంటి తగువే అమెరికాలోనూ ఉందని మా అక్క కొడుకు చెబితే నవ్వొచ్చింది. సెలవు రోజుల్లో వాడు స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన ఈ ఆట 1974లో అచ్చయింది. ఇందులో ఒకరు కథ నడిపే పెద్ద. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం కడతారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఇంకొకరు దొంగ. "ఎదురుగా చీకటి గుహ ఉంది, ఏం చేస్తారు?" అని పెద్ద అడుగుతాడు. వీళ్ళు చెబుతారు. ఏమవుతుందో అనుమానమైన చోట పాచికలు తేలుస్తాయి. వాటిలో 20 ముఖాల పాచిక కూడా ఉందిట! రంగు పూసుకోని పగటివేషాలన్నమాట.

ఈ ఆటకి ముత్తాతలాంటిది సైన్యంలో పుట్టింది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి పటం మీద యుద్ధం ఆడే పద్ధతి ఒకటి రాశాడు. పాచికలు, లెక్కల పట్టికలు, మధ్యవర్తి, అన్నీ ఉన్నాయందులో. ఆ లెక్కలు అందరికీ రుచించలేదు. 1876లో వెర్డీ దు వెర్నువా అనే సేనాని, పట్టికలు కట్టిపెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి ఎంతంటే అంతే అనుకుందాం అన్నాడు. చూశారా, మామ్మగారి పద్ధతే!

మావాడి ఆటలోనూ ఇవే రెండు పక్షాలు. గుహలో గొయ్యి ఉందేమోనని భయం అనుకోండి. పాత పద్ధతిలో అయితే "కర్రతో నేల తట్టుకుంటూ నడుస్తాను" అని మన బుర్రతో మనమే చెప్పాలి. తట్టలేదా, పడతాం, పోతాం, ఇంకో కాగితం తీసుకుని కొత్త వేషం రాసుకుంటాం. పుస్తకంలో లేనిదానికి పెద్ద మాటే తీర్పు. కొత్త పద్ధతిలో ఎవరి చూపు ఎంత చురుకో కాగితం మీద అంకె వేసి ఉంటుంది. పాచిక వేసి ఆ అంకె కలుపుకోవడమే. 2000లో వచ్చిన మూడో కూర్పు నాటికి ఇలాంటి నియమాలు బాగా పెరిగాయి. పైగా ఇప్పటి వేషాలకి పుట్టుపూర్వోత్తరాలు, పగలు, ప్రేమలు అన్నీ ఉంటాయి. అంత ముద్దుగా పెంచుకున్న పాత్రని తేలిగ్గా చావనిస్తారా? ఇది నచ్చక, పాత పద్ధతే మేలంటూ 2008లో మాథ్యూ ఫించ్ అనే ఆయన ఒక చిన్న పుస్తకమే రాశారు.

నవలలు రాసేదాన్ని గనక నేను కొత్త పద్ధతికే ఓటు వెయ్యాలి. కానీ బుర్రకి పనిపెట్టే పాత పద్ధతే నాకు నచ్చింది. సరిగ్గా అక్కడే పెదవేగి గుర్తొచ్చి ఆగాను.

ఏలూరుకి ఓ 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పల్లెటూరే ఒకప్పటి వేంగి నగరం. శాలంకాయనులు ఏలిన రాజధాని. తరవాత తూర్పు చాళుక్యుల రాజ్యానికి ఆ పేరే నిలిచింది. రాజధాని రాజమహేంద్రవరం చేరాక, 11వ శతాబ్దంలో, ఆ వంశపు రాజరాజనరేంద్రుడే నన్నయ్యగారి చేత భారతం తెలుగు చెయ్యమన్నాడు. నన్నయ్యగారు రాసిన భాగంలోనే సభాపర్వం ఉంది. అందులోనే ఆ మాయజూదమూ ఉంది.

ద్రౌపది అక్కడ అడిగిందేమిటి? ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, నన్ను ముందు ఓడాడా అని. తనకు తానే దక్కనివాడు భార్యని పందెం ఎలా ఒడ్డుతాడని. ఇది ఏడుపు కాదండీ, ఆట నియమం మీద సూటి ప్రశ్న! నిండు సభలో అనుభవజ్ఞులకి కొదవ లేదు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో వికర్ణుడొక్కడే ఆ పందెం చెల్లదన్నాడు. కర్ణుడు అతని నోరు మూయించాడు. పెద్ద మాటే నియమం అనుకున్నచోట పెద్ద నోరు మెదపకపోతే ఇంక దిక్కెవరు? మామ్మగారి తీర్పు ముచ్చటగా ఉండేది మామ్మగారు మంచివారైతేనే.

ఇదే మాట మావాడితో అన్నాను. "అందుకే మేం బల్ల మధ్యలో ఒక అట్టముక్క పెట్టుకుంటాం పిన్నీ" అన్నాడు. దాని మీద ఇంటూ గుర్తు ఉంటుంది. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన చెప్పిన ఉపాయమట. కథ ఎవరికైనా భరించరాని వైపు మళ్ళితే ఆ అట్టముక్కని తాకితే చాలు. కారణం చెప్పక్కర్లేదు. ఆ సంగతి అక్కడితో వదిలేసి ఆట సాగిస్తారు. "మిగతాదంతా పాత పద్ధతే, ఇది మాత్రం ఉండి తీరాలి" అన్నాడు.

నన్నడిగితే రెండు పద్ధతుల తగువూ అక్కడ తీరిపోయింది. పెద్ద ఉండాలి. పెద్దని ఆపడానికి అందరికన్నా చిన్నవాళ్ళకి కూడా వీలుండాలి.

హస్తినాపురం సభలో అలాంటి అట్టముక్క ఒక్కటి ఉండి ఉంటే, పద్దెనిమిది పర్వాల భారతం రెండో పర్వంతోనే ముగిసేదేమో! పోయేదేముందీ, మొత్తం నన్నయ్యగారే పూర్తి చేసి ఉండేవారు.