కటకం

లాటిన్‌లో ‘లెన్స్’ అంటే మసూర్ పప్పు. ఆ మొక్క శాస్త్రీయ నామం నేటికీ లెన్స్ కులినారిస్. పొట్టు తీయని మసూర్ గింజను పక్కనుంచి చూస్తే రెండు వైపులా ఉబ్బి, అంచుల్లో పలచబడి ఉంటుంది. గాజును అదే ఆకారంలో అరగదీస్తే కుంభాకార కటకం.

తెలుగు పాఠ్యపుస్తకాల ‘కటకం’ సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దానికి కంకణం, సైనిక శిబిరం అన్న అర్థాలున్నాయి. ఒడిశాలోని కటక్ ఊరి పేరు రెండో అర్థం నుంచి వచ్చిందే. ఉబ్బు సంగతి చెప్పే భారం ‘కుంభాకార’ అన్న విశేషణానిదే.

సమాంతర కిరణాలు ఈ కటకం గుండా వంగి కలిసే బిందువు నాభి. వస్తువు నాభికి అవతల ఉంటే తెర మీద పట్టగల తలకిందుల ప్రతిబింబం ఏర్పడుతుంది. కెమెరాలో, కంట్లో జరిగేది ఇదే. నాభికి ఇవతలకు జరిపితే కిరణాలు కలవకుండా విచ్చుకుంటాయి. అవి వెనకనుంచి వస్తున్నట్టు తోచే చోట నిటారుగా, పెద్దదిగా మిథ్యా ప్రతిబింబం కనిపిస్తుంది. 10 సెం.మీ. నాభ్యంతరమున్న కటకాన్ని కంటికి దగ్గరగా పట్టి, ప్రతిబింబం 25 సెం.మీ. దూరాన పడేలా చూస్తే వృద్ధి 3.5 రెట్లు.

వాడుకలో మాత్రం దీని పేరు భూతద్దం. ‘భూతద్దం పెట్టి వెతికినా దొరకదు’ అంటారు గానీ కటకం పెట్టి ఎవరూ వెతకరు.