ముంబయి కార్ల ట్యూనింగు: పెరిగే పికప్, పోయే వారంటీ

మధ్య ముంబయిలోని కామాఠీపురాకు ఆ పేరు తెలంగాణ ప్రాంతం నుండి కట్టడపు పనులకు వలస వెళ్లిన కామాఠీల వల్ల ఏర్పడింది. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్ చాళ్లలో స్థిరపడిన పద్మశాలీ మిల్లు కార్మికులను కూడా లెక్కలోకి తీసుకుంటే, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల సరిహద్దు గ్రామాలలో ముంబయితో బంధుత్వం ఉన్న ఇళ్లు కోకొల్లలు. 1982 జనవరిలో ఆరంభమైన మిల్లుల సమ్మె తరువాత చాళ్లలో పెరిగిన పిల్లలు మగ్గాన్ని వదిలి ఇతర వృత్తులలోకి మళ్లారు. డ్రైవరు పని, గ్యారేజీ పని అటువంటివే. కామాఠీపురాకు ఒకవైపు తాడ్‌దేవ్ ఆర్టీఓ కార్యాలయం, మరొకవైపు పాత సామాన్లకు పేరుపడిన చోర్‌బజార్, ఇంకొంత దూరాన ఒపేరా హౌస్ పరిసరాలలోని కారు విడిభాగాల దుకాణాలు ఉన్నాయి. కార్లలో మార్పులు చేసే వ్యాపారమూ, ఆ మార్పులను తప్పుపట్టే కార్యాలయమూ ఇంత దగ్గరగా ఉన్న చోటు అరుదు.

ఖరీదైన కారుకు ట్యూనింగు చేయించడం పెద్దింటి యువకుల సరదా అని గ్రామాలలో అనుకోవడం సహజమే. కాని అదే కారు మూడు నాలుగేళ్ల తరువాత సెకండ్ హ్యాండ్ ధరకు అమ్మకానికి వస్తుంది. చాల్‌లో ఉండే మేనమామో, బావమరిదో “కండిషన్ బాగుంది, వారంటీ ఇంకా ఉంది” అని ఫోను చేస్తాడు. బోధన్‌లోనో భైంసాలోనో ఉన్న కుటుంబం పంట డబ్బుకు అప్పు కలిపి దానిని కొంటుంది. ఆనందం అనుభవించినవాడు మొదటి యజమాని. నష్టం భరించవలసి వచ్చేది రెండవ యజమాని. ఈ విషయాన్ని గ్రామాలలోనూ తెలుసుకోవలసిన కారణం అదే.

ట్యూనింగులో ఏమి జరుగుతుందో ముందుగా చూడాలి. నేటి కార్లలో ఇంజనుకు ఎంత పెట్రోలు వెళ్లాలి, నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలి, టర్బో ఎంత గాలిని లోనికి నెట్టాలి అన్న నిర్ణయాలన్నీ ఈసీయూ అనే చిన్న కంప్యూటరు తీసుకుంటుంది. దానిలోని లెక్కలను మార్చి వ్రాయడాన్నే రీమ్యాప్ అంటారు. టర్బో ఉన్న ఇంజనులో ఇంజను విప్పకుండానే, కొన్ని గంటలలోనే ఈ పని పూర్తవుతుంది. టర్బో లేని సాధారణ ఇంజనులో దీనివల్ల కలిగే లాభం స్వల్పం. గాలి ఫిల్టరును, సైలెన్సర్‌ను, ఆపై టర్బోను కూడా మార్చడం తరువాతి దశలు.

ఫలితం కల్ల కాదు. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుతో భారతదేశంలో అమ్మకానికి వచ్చింది. ఇక్కడ దాని శక్తి సుమారు 150 హార్స్‌పవర్. అదే పేరుతో ఐరోపాలో అమ్మిన కారుకు 180. ఒకే కుటుంబానికి చెందిన ఇంజనులో ఇంత తేడా కనిపించినప్పుడు, కంపెనీ దాచిపెట్టిన శక్తిని వెలికి తీస్తే తప్పేమిటని వేగప్రియులకు అనిపించింది. పాదం ఆనించగానే సీటు వీపును నెట్టుకొచ్చే ఆ పికప్‌ను ఒకసారి రుచి చూసినవారికి పాత కారు చప్పగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

అయితే కంపెనీ ఆ శక్తిని పిసినారితనంతో దాచిపెట్టదు. మే నెల ఎండ, గంటల తరబడి ట్రాఫిక్కు, నాణ్యత ఒక్కతీరుగా ఉండని పెట్రోలు, ఆలస్యంగా మార్చే ఇంజనాయిలు, వీటన్నిటిని తట్టుకోవడానికి కొంత జాగా వదులుతుంది. దేశంలో సాధారణ పెట్రోలుకు చాలాకాలం 91 ఆక్టేన్ కనీస ప్రమాణంగా ఉండేది. అంతకన్న మెరుగైన పెట్రోలును ఉద్దేశించి వ్రాసిన లెక్కలను అటువంటి పెట్రోలుతో నడిపితే ఇంధనం సమయానికి ముందే మండి ఇంజనులో టకటక శబ్దం పుడుతుంది. ఆ దెబ్బలు తగిలేది పిస్టన్లకే.

ఇంజను కంటే ముందుగా గేర్‌బాక్స్ దెబ్బ తినడమూ ఉంది. ఇందుకు 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ మంచి ఉదాహరణ. దానిని స్పోర్ట్స్ కారు అనలేము గాని, ట్యూనింగు ప్రియులకు అది ఇష్టమైన కారు. కంపెనీ ఇచ్చిన శక్తి 105 హార్స్‌పవర్, టార్కు 175 న్యూటన్ మీటర్లు. అందులోని పొడి క్లచ్చుల ఏడు గేర్ల డీఎస్‌జీ పెట్టెను 250 న్యూటన్ మీటర్ల హద్దుతో రూపొందించారు. రీమ్యాప్ చేసేవారు టార్కును 200 దాటిస్తామంటారు. కాగితం మీద అది హద్దులోపలే ఉంటుంది. కాని వేడిలో, రద్దీలో, అంగుళం అంగుళం కదిలే ముంబయి రోడ్లపై ఆ క్లచ్చులకు మిగిలిన ఊపిరి తగ్గిపోతుంది. ఈ మోడల్ అమ్మకం 2022లో ఆగిపోయింది. నేడు ఇవన్నీ సెకండ్ హ్యాండ్ బజారులోనే తిరుగుతున్నాయి.

వారంటీ పత్రంలో ఒక షరతు దాదాపు అన్ని కంపెనీలూ వ్రాస్తాయి: కంపెనీ అనుమతించని మార్పుల వలన, పందేలలో వాడడం వలన కలిగిన నష్టానికి బాధ్యత లేదని. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్ల వంటి అరిగే భాగాలకు మామూలు రోజులలోనే వారంటీ పరిమితం. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం అమర్చారన్న ఒక్క కారణంతో వారంటీని రద్దు చేయరాదు. ఆ భాగమే చెడుకు కారణమని కంపెనీ చూపాలి. అటువంటి ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. ఇక్కడ కొనుగోలుదారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించాలి. తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చుననేది ఆ చట్టం కల్పించిన మేలు. అయినా రీమ్యాప్ చేసిన కారుతో వాదన నెగ్గడం తేలిక కాదు.

“సర్వీసుకు ముందు పాత లెక్కలు తిరిగి ఎక్కిస్తాం, ఎవరికీ తెలియదు” అనే మాట గ్యారేజీలలో వినిపిస్తుంది. ఆ మాట నమ్మదగినది కాదు. చాలా ఈసీయూలు తమను ఎన్నిసార్లు తిరగవ్రాశారో లెక్క దాచుకుంటాయి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి సంస్థలు ఉత్తర అమెరికాలో ఇటువంటి కార్లకు టీడీ1 అనే గుర్తు పెడతాయి. ఆ గుర్తు పడిన కారుకు ఇంజను, గేర్‌బాక్స్ వారంటీ దక్కడం కష్టం.

చట్టం మాట వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు, కంపెనీ నిర్దేశించిన వాటికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరింత స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. రొద చేసే సైలెన్సర్‌కు ఇంకొక సెక్షన్ ఉంది. ఆమోదించిన సీఎన్‌జీ కిట్టును అమర్చి ఆర్సీలో నమోదు చేయించడం మాత్రం చట్టసమ్మతమైన మార్పే. ముంబయి నలుపు-పసుపు ట్యాక్సీలలో అది సర్వసాధారణం. తాడ్‌దేవ్ ఆర్టీఓలో 2003 అక్టోబరు 29న నమోదైన ఆఖరి ప్రీమియర్ పద్మిని ట్యాక్సీ ఇరవై ఏళ్లు నిండి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. అప్పు లేకుండా కొన్నవాడు, గేర్‌బాక్స్ పోతే తన జేబులోంచే పెట్టుకోగలవాడు సరదా పడితే అది అతని ఇష్టం. కుటుంబానికి ఉన్న ఒకే ఒక్క కారుతో ఆ పందెం కాయడం ఏమాత్రం తగదు.

ముంబయి కారును గ్రామానికి తెచ్చుకునేవారు అడ్వాన్సు ఇవ్వకముందే దానిని అదే కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లి, ఛాసిస్ నంబరుపై ఉన్న సర్వీసు చరిత్రను, ఈసీయూ తనిఖీ నివేదికను అడగాలి. దానికయ్యే రుసుము గేర్‌బాక్స్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు. బయటి గాలి ఫిల్టరు, లావుపాటి సైలెన్సర్ గొట్టం, నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపు, ఇవి కనిపిస్తే అనుమానించాలి. వారంటీ గడువు మొదటి అమ్మకం తేదీ నుండి లెక్క అని మరువరాదు. పొడిగించిన వారంటీ ఉంటే దానిని పేరు మార్పించుకోవాలి. ఈసీయూలో మార్పు చేయించలేదని అమ్మేవారి చేత వ్రాతపూర్వకంగా సంతకం చేయించుకోవాలి. రాష్ట్రం దాటించడానికి ఫారం 28తో ఎన్‌ఓసీ, బదిలీకి 29, 30 ఫారాలు, బ్యాంకు అప్పు తీరి ఉంటే ఫారం 35 కావాలి. తెలంగాణలో మళ్లీ జీవితకాల పన్ను చెల్లించాలి. సైలెన్సర్ మార్చిన కారని తెలిసి కూడా కొంటుంటే, తీసేసిన అసలు సైలెన్సర్ ఎవరి చాల్‌లో ఏ అటకపై ఉందో అడిగి, దానిని డిక్కీలో వేయించుకున్న తరువాతనే మిగతా సొమ్ము ఇవ్వాలి.