ఒకే పిండి, పలు పథ్యాలు: గౌనిపల్లి ప్రాంతపు రాగి వంటకాల చరిత్ర

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు గౌనిపల్లి. బడిలోనూ కచేరీలోనూ కన్నడం, ఇంట్లో తెలుగు అనేది ఈ ప్రాంతంలోని చాలా కుటుంబాల పద్ధతి. కైవారం నారాయణ యోగి తత్త్వాల వల్ల ఈ సీమ తెలుగు సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. వంటింటి మాటలకు మాత్రం అంతటి గౌరవం దక్కలేదు. రాగుల చుట్టూ అల్లుకున్న కొన్ని మాటల ద్వారా, ఒక ఇంటిలో వేరువేరు వయసులవారికి, వేరువేరు అవసరాలవారికి తిండి ఎలా సమకూరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ధాన్యం పేరు. కోలారు, రాయలసీమ ప్రాంతాలలో రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు. పేరు మారినా గింజ ఒకటే. దాని పిండితో చేసే వంటకాల పేర్లు మాత్రం ఆ పిండి ఎంత చిక్కగా ఉందో చెబుతాయి. గట్టిగా గెలికి ముద్ద చేస్తే సంగటి. కావ్యభాషలో దీని రూపం సంకటి. పల్చగా కాస్తే జావ. రాత్రి కాచి పులియబెట్టి, మరునాడు మజ్జిగతో కలిపితే అంబలి. ఈ మూడూ మూడు రుచులు మాత్రమే కావు, మూడు రకాల అవసరాలు. మడక దున్నేవాడికి సంగటి, జ్వరం తగ్గినవాడికి జావ, ఎండలో తిరిగి వచ్చినవాడికి అంబలి. ‘పథ్యం’ అనే మాటకు ‘మార్గానికి తగినది’ అని మూలార్థం. ఎవరి దారికి తగినది వారికి పెట్టడమే పథ్యం.

కోలారు జిల్లాలో జీవనది లేదు. చెరువుల కింద వరి, మెట్టపొలాల్లో వాననమ్ముకొని రాగి పండించడం పాత పద్ధతి. అందువల్ల వరి అన్నం పండుగకూ చుట్టాలకూ, సంగటి నిత్యానికీ అయింది. ఈ తారతమ్యం సాహిత్యానికీ ఎక్కింది. పల్నాటి జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నాయి. కన్నడంలో 16వ శతాబ్దపు కనకదాసు ‘రామధాన్య చరితె’లో వరికీ రాగికీ వాదు పెట్టాడు. రెండింటినీ ఆరునెలలు బంధించి ఉంచితే వరి వాడిపోయింది, రాగి నిలిచింది. రాముడు రాగినే మెచ్చుకున్నాడు. వరి వైభవాన్నీ రాగి సత్తువనూ ఎరిగిన గౌనిపల్లివంటి ఊళ్లు ఈ రెండు సాహిత్యాల నడుమ ఉన్నాయి.

కనకదాసు కథకు పొలంలోనే ఆధారం ఉంది. రాగిగింజకు పురుగు అంత సులువుగా పట్టదు. పాతరలో పోసి మూస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాని వానలు వరుసగా తప్పితే పాతరకూ హద్దు ఉంటుంది. 1876–78 నాటి ధాత కరువు ఆ హద్దును చూపింది. మైసూరు సంస్థానపు జనాభా 1871 లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉండగా, 1881 నాటికి సుమారు 42 లక్షలకు పడిపోయింది.

సరిహద్దుకు అవతల ఉన్న మదనపల్లె అప్పటికి మద్రాసు రాష్ట్రపు కడప జిల్లాలోది. 1877 జనవరిలో వైస్రాయి పంపగా మద్రాసుకు వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువుపనుల్లోని మగకూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ధర, దానిపైన ఒక అణా చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. రాళ్లు మోసే మనిషికి ఆ గింజ చాలదనీ, పప్పు ధాన్యాలు కూడా ఉండాలనీ ఆయన వాదన. ఆ ఏడాది నడుమనే కూలి పెంచక తప్పలేదు. ఒక శరీరానికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న మన ప్రాంతంలో ప్రభుత్వపు కాగితాలకు ఎక్కిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. సర్కారు అందరికీ ఒకే కొలత పెట్టింది. వంటింటిలో కొలత మనిషిని బట్టి మారేది. ఈ తేడా గమనించదగినది.

ఆ ఇంటికొలత ఎలా ఉండేదో చూద్దాం. కష్టం చేసేవారికి సంగటిముద్ద. దానికి తోడు ఉలవచారో, అనపగింజల పులుసో, ఆకుకూరతో చేసిన బస్సారో ఉండాలి. చలికాలంలో పితికిపప్పు. రాగి మాంసకృత్తులలో కొరతగా ఉండే లైసిన్‌ను ఉలవలు, అనపగింజలు తీరుస్తాయి. పళ్లు లేని ముసలివారికి అదే పిండి జావ అవుతుంది. పాలు మరిచే బిడ్డకు మరొక దారి: రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, విసిరి, పలుచని బట్టతో వస్త్రకాయం పట్టి కాచే సరి.

మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని కరిగిస్తాయి. అందుచేత ఎక్కువ పిండి వేసినా జావ గట్టిపడదు. చిన్న కడుపుకు కొద్ది జావలోనే ఎక్కువ బలం అందుతుంది. సున్నాన్నీ ఇనుమునూ ఒంటపట్టనీయని ఫైటేట్లు కూడా మొలకెత్తించడం వల్ల, పులియబెట్టడం వల్ల తగ్గుతాయి. 1950లో మైసూరులో నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు రాగిమాల్టుపై చేసిన పరిశోధనలు ఈ వివరాలను తేల్చాయి. అమ్మమ్మలకు కారణం తెలియకపోవచ్చు, ఫలితం తెలుసు.

గింజలోని విలువ లెక్కకు అందింది కూడా కొంత ఆలస్యంగానే. కూనూరు ప్రయోగశాలలో మెకారిసన్ 1920లలో భారతదేశపు వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి చూశాడు. మరబియ్యం ప్రధానమైన ఆహారం తిన్నవి వెనుకబడ్డాయి. ఆయన తరువాత ఆక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారపదార్థాల పోషకవిలువల పట్టికను వెలువరించాడు. ఆ సంస్థే తరువాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాని 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మరపట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు లోపే.

అయితే ఈ అంకెలను చూసి రాగిని సర్వరోగనివారిణి అనుకోవడం పొరపాటు. చక్కెరవ్యాధి ఉన్నవారికి రాగి మంచిదని ఇటీవల అందరూ అంటున్నారు. మెత్తగా విసిరి పల్చగా కాచిన జావ, అందులోనూ బెల్లం వేసినది, రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. ముతకపిండి సంగటి, పప్పూ ఆకుకూరలతో, మితంగా తింటే ఫలితం వేరు. బిడ్డకు మేలు చేసిన మెత్తదనమే ఇక్కడ కీడు చేస్తుంది. పథ్యం గింజలో లేదు, వండే తీరులో ఉంది.

చవక బియ్యం వచ్చాక సంగటి తగ్గింది. దానికి ఎవరినీ తప్పుపట్టలేం. సంగటి గెలకడానికి రెక్కల సత్తువ కావాలి, ఆ చాకిరీ ఆడవారిదే. పైగా వరి అన్నం తినడం ఒకప్పుడు కలిగినవారి గుర్తు. ఇప్పుడు గాలి తిరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. బడిపిల్లలకు రాగిజావ ఇవ్వడం ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో, కర్ణాటకలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది. సరిహద్దుకు ఈవల, ఆవల తెలుగుపిల్లల గిన్నెల్లోకి ఒకే జావ వచ్చింది. ఇది సంతోషించదగినదే.

కాని గింజ తిరిగి వచ్చినంతమాత్రాన దాని వెంట ఉండిన తెలివి తిరిగి రాదు. ఎవరికి ముద్ద, ఎవరికి జావ, ఎవరికి సరి, దేనితో ఏది కలపాలి అన్న వివేకం పుస్తకాల్లో కంటే మాటల్లోనే ఎక్కువగా దాగి ఉంది. సరి, బస్సారు, పితికిపప్పు వంటి మాటలు వాడుక తప్పితే ఆ వివేకమూ తప్పుతుంది. వీటిని చెప్పగల పెద్దవారు ఉండగానే, వారి నోటనుంచి, వారి యాసలోనే సేకరించడం తెలుగు అధ్యయనాల బాధ్యతలలో ఒకటిగా భావించాలి.