కునితాచి స్టేషను: విప్పి మరల నెత్తిన కట్టడము



జపాను దేశమున టోక్యో మహానగరమునకు పడమటి దిక్కున కునితాచి అను పట్టణము కలదు. కొకుబుంజి, తాచికావా అను రెండు స్టేషనుల నడుమ క్రొత్త స్టేషను వెలయగా, ఆ రెండు పేరుల మొదటి లిపిచిహ్నములను జోడించి దీనికి నామకరణము చేసిరి. వైయాకరణులు దీనిని సమాసమందురో కాదో గాని, పేరు మాత్రము నిలిచినది.

1923 నాటి భూకంపము పిమ్మట ఒక వాణిజ్య విద్యాలయమును ఇచ్చటికి తరలించి, దాని చుట్టును పట్టణమును వేసిరి. 1926లో స్టేషను తెరువబడెను. అంతయు కొయ్యకట్టడము, పైని త్రికోణాకారమగు ఎఱ్ఱని కప్పు. ఎదుట తిన్నని విశాలమైన రాజవీథి.

ఎనుబదియేండ్లు గడచెను. రైలు గేట్లవద్ద బండ్లు నిలిచిపోవు బాధ తొలగింప, పట్టాలను వంతెనపై కెత్తుటకు నిశ్చయించిరి. స్టేషను ఆ పనికి అడ్డమయ్యెను. పట్టణవాసులు దానిని వదలుకొన నొల్లరైరి. విప్పి దాచి మరల కట్టుదమన్న, చట్టము ఒప్పదు. అగ్నిభయమున్న ఆ ప్రాంతమున కొయ్యతో క్రొత్తగా కట్టరాదు. విప్పి కట్టినదియు క్రొత్తకట్టడముగనే లెక్క!

మన పల్లెలలో పాత మండువాయింటి దూలములు, వాసములు విప్పి వేఱొకచోట వాడుకొనుట వింత గాదు. కాని అక్కడ మ్రాను దక్కును, ఇల్లు దక్కదు. వీరు కోరినది ఇల్లే.

2006లో పురపాలక సంఘము ఆ భవనమును సాంస్కృతిక సంపదగా ప్రకటించెను. అట్టివానికి చట్టమున మినహాయింపు కలదు. ఆ యేడే దానిని విప్పి, కొయ్యలను భద్రపఱచిరి. పిమ్మట నిలుపుటకు చోటు కావలె. స్టేషను ముందటి నేల రైలు కంపెనీది. దానిని కొని, కట్టి, తలుపులు తెఱచునప్పటికి 2020 ఏప్రిలు వచ్చెను. నిలిచినది మాత్రము ఇంచుమించు పూర్వస్థలముననే. నేడచ్చట టిక్కెట్లు లేవు. వచ్చినవారికి ఊరి విశేషములు తెలుపుదురు.

నడుమ చేరిన మార్పులను విడిచి 1926 నాటి రూపమునకే తెచ్చిరి. ఇది నాకు పూర్తిగా రుచింపలేదు. చివరి తరము ఎక్కి దిగిన స్టేషను ఆ మార్పులతో కూడినదే కదా.

టోక్యోలో ఇంతకన్న పాతదగు కొయ్యస్టేషను హరజుకులో నుండెను, 1924 నాటిది. అగ్నినిబంధనలకు సరిపడదని, ఆ 2020లోనే దానిని విప్పసాగిరి.