రాయపోల్ ప్రాంత వ్యవహారంలో ‘బోరు’: ఒక ఆంగ్లపదపు అర్థపరిణామం

ప్రస్తావన

అన్యదేశ్యపదం తెలుగులో స్థిరపడిన తీరు దాని ధ్వనిమార్పులో కంటే, దానితో చేరే క్రియల్లో స్పష్టంగా తెలుస్తుంది. ‘బోరు’ ఇందుకు తగిన ఉదాహరణ. పూర్వపు మెదక్ జిల్లాలోని రాయపోల్, 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో మండలకేంద్రమైంది. ఈ ప్రాంతపు మెట్టసేద్యం చెరువులు, బావుల మీదా, ఆపైన బోర్ల మీదా ఆధారపడింది. ఇక్కడి వ్యవహారంలో ఈ పదం పొందిన అర్థాలను, వాటి వెనుకనున్న సేద్యచరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆంగ్లంలో పదచరిత్ర

‘తొలుచు’ అనే అర్థంగల ‘బోరియన్’ అనే ప్రాచీన ఆంగ్లక్రియ ఈ పదానికి మూలం. తొలిచిన రంధ్రం, తుపాకి గొట్టపు లోపలి వ్యాసం అనే అర్థాలు దీనినుంచే వచ్చాయి. ‘విసుగు’ అనే అర్థం 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో కనిపిస్తుంది. దాని వ్యుత్పత్తి వివాదాస్పదం. తెలుగు ఈ రెండర్థాలనూ స్వీకరించి, క్రియాభేదంతో వాటిని వేరుచేసుకుంది.

సేద్యంలో ‘బోరు’

బావిని ‘తవ్వుతారు’, బోరును ‘వేస్తారు’. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) నిర్వచనంలో బోరు కూడా బావే. రైతు వ్యవహారంలో మాత్రం ఆ రెండూ వేరు. ‘బోరుబావి’ అనే మిశ్రసమాసం పత్రికాభాషలో, ‘గొట్టపుబావి’ అనే అనువాదం గ్రాంథిక వ్యవహారంలో నిలవగా, పొలంలో ‘బోరు’ ఒక్కటే మిగిలింది.

దీనితో చేరే క్రియలు గమనించదగినవి. ‘బోరు ఏయించిండు’ అన్నప్పుడు కర్త రైతు. ఖర్చు, నిర్ణయం అతనివే. ‘బోరు వడ్డది’, ‘నీళ్లు వడ్డయి’ అన్నప్పుడు కర్తృత్వం రైతునుంచి తొలగిపోతుంది. గ్రానైటు వంటి కఠినశిలల్లో నీరు పైనున్న శిథిలపొరలోను, లోతున పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. పగులు తగలడం రైతు చేతిలో లేని పని. ‘పడు’ అనే అకర్మకక్రియ ఆ అనిశ్చితిని వ్యాకరణంలోనే నమోదు చేసింది. ‘బోరు పోసింది’ అంటే నీరిచ్చిందని, ‘బోరు పోయింది’ అంటే ఎండిందని అర్థం. ఈ రెండింటి నడుమ ఒక్క హల్లు భేదమే ఉన్నా, రైతుకు అది పంటకూ అప్పుకూ నడుమనున్న భేదం.

‘బోరింగు’, ‘కొట్టు’

తొలిచే పనిని సూచించే ఆంగ్లనామం ‘బోరింగు’ తెలంగాణ పల్లెల్లో చేతిపంపుకు పేరైంది. క్రియ వస్తువాచకంగా మారిన అర్థపరిణామమిది. 1970ల దశకంలో రూపొందిన ఇండియా మార్క్-2 వంటి పంపులు దేశవ్యాప్తంగా తాగునీటికి నెలకొనడంతో ఆ వస్తువు పల్లెకు పరిచితమైంది. ‘బోరింగు కొట్టు’ అనడం, అంతకుముందే ఉన్న ‘మోట కొట్టు’ వరసలోనిది: నీరు తోడే పనికి పాత క్రియే కొత్త యంత్రానికీ సరిపోయింది.

‘నాకు బోరు కొట్టింది’లోని ‘కొట్టు’ వేరు. అది ‘కంపు కొట్టు’, ‘వాసన కొట్టు’ వంటి అనుభవార్థక ప్రయోగం. అనుభోక్త చతుర్థీవిభక్తిలో ఉంటాడు. ‘బోరుమని ఏడ్చు’లోని ‘బోరు’ ధ్వన్యనుకరణం, దేశ్యం. ఆంగ్లపదంతో దానికి సంబంధం లేదు. నిఘంటువులు వీటిని వేర్వేరు ఆరోపాలుగా చూపడం సముచితం.

ముగింపు

2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన మల్లన్నసాగర్ వంటి జలాశయాలతో సిద్దిపేట జిల్లా సేద్యవ్యవహారంలోకి ‘కాలువ’ బలంగా వచ్చింది. మోట మూలబడినా ‘మోట కొట్టు’లోని క్రియ నిలిచినట్టే, బోరు తగ్గినా దాని క్రియలు కొంతకాలం నిలవవచ్చు. అందుకే వృత్తిపదాల సేకరణలో ‘బోరు’ అనే నామాన్ని మాత్రమే ఎక్కిస్తే చాలదు. వేయించు, పడు, పోయు, పోవు అనే క్రియలతో సహా నమోదు చేసినప్పుడే, ఒక తరం రైతులు భూగర్భజలంతో ఆడిన జూదం నిఘంటువులో కనిపిస్తుంది.