ముందు డాక్టరు, తర్వాత రోగి

1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు, డాక్టరు సరేనంటే రోగి గంజాయి వాడుకోవచ్చని తీర్పు చెప్పారు. రెండు నెలలు తిరక్కముందే వాషింగ్టన్ నుంచి డాక్టర్లకు హెచ్చరిక వచ్చింది: గంజాయి వాడమని చెబితే మీ ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఊడుతుంది. అది లేని డాక్టరు మార్ఫిన్ కూడా రాయలేడు. కేన్సరు, ఎయిడ్స్ రోగులను చూసేవాళ్లకు అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

డాక్టరు మెడమీద కత్తి పెట్టడం కొత్తేం కాదు. 1937 నాటి పన్ను చట్టం గంజాయి మందును పేరుకి నిషేధించలేదు. డాక్టరు ఏడాదికి ఒక డాలరు కట్టి పేరు నమోదు చేయించుకోవాలంది, అంతే. నమోదు కానివాళ్లకు సరుకు చేరితే మాత్రం ఔన్సుకి వంద డాలర్ల పన్ను. ఆ ఫారాలు, ఆ భయం చూసి డాక్టర్లే రాయడం మానుకున్నారు. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయికి వైద్యప్రయోజనమే లేదని తేల్చేసింది.

ఈసారి డాక్టర్లు తగ్గలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగులను చూసే మార్కస్ కోనంట్, మరికొందరు కోర్టుకెక్కారు. రోగికి సలహా చెప్పడం వాక్‌స్వాతంత్ర్యమేనని 2002లో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ కేసు ముట్టుకోలేదు. కాలిఫోర్నియాలో డాక్టర్లు గంజాయికి రాసేది మందుచీటీ కాదు, ‘సిఫారసు’.

డాక్టరు ఒడ్డెక్కాడు. ఈలోగా రాష్ట్రాలు రోగుల చేతికి గంజాయి కార్డులిచ్చాయి, కార్డుతోపాటు రద్దు నిబంధనలూ పెట్టాయి. కొలరాడోలో రెండు ఔన్సులు, ఆరు మొక్కలు హద్దు. కావాలని నియమం తప్పితే ఏడాదిపాటు కార్డు ఉండదని 2000లో రాజ్యాంగ సవరణలోనే రాసుకున్నారు. ఆరిజోనాలో కార్డు లేనివాడికి అమ్మితే రద్దే.

ఫ్లోరిడా మరీ కఠినం. దుకాణంలో పేరు కొట్టగానే 35 రోజుల లెక్క తెరమీదికొస్తుంది. పొగతాగే సరుకు రెండున్నర ఔన్సులు మించకూడదు. మాదకద్రవ్యాల కేసు పడితే చాలు, నేరం రుజువు కాకముందే కార్డు ఆగిపోతుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

కార్డు పోతే ఏమవుతుందన్నది రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. కొలరాడోలో 21 ఏళ్లు నిండినవాళ్లు 2014 నుంచి మామూలు దుకాణంలోనే కొనుక్కోవచ్చు. కార్డు పోయినా 15 శాతం ప్రత్యేక పన్ను అదనంగా పడుతుంది, అంతే. ఫ్లోరిడాలో అలాంటి ప్రతిపాదనకే 2024లో సుమారు 56 శాతం ఓట్లు పడ్డాయి, కావలసింది 60. అక్కడ కార్డు లేకుండా 20 గ్రాములు మించి దొరికితే ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం, కింద కేసు.