కాగిన నూనె కథ

పండగకి అరిసెలు, చక్కిలాలు వండాక మూకుట్లో మిగిలిన నూనెని మన అమ్మమ్మలు పారబోసేవారు కాదు. గానుగ నూనె ఖరీదు మరి! వడకట్టి, పోపులకి వాడి రెండ్రోజుల్లో అవగొట్టేవారు. చేటంతా వచ్చింది బజ్జీల బండి మీద రోజుల తరబడి కాగే బాణలితోనే. మళ్ళీ మళ్ళీ కాగితే నూనె విరిగి, పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి గుండెకి మంచివి కావు. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదనే నియమం 2018 జులై 1న గానీ అమల్లోకి రాలేదు. ఆ ఆగస్టులోనే అలాంటి నూనెని బయోడీజిల్‌కి మళ్ళించే 'రూకో' మొదలైంది. మన వంటింట్లో కొలిచే మీటరెక్కడిది? రంగు నల్లబడి, జిగురుగా మారి, నీలం పొగ త్వరగా వస్తోందంటే ఇక వాడకండి. కొత్త నూనె డబ్బాలో మాత్రం అసలు కలపకండి.